పుస్తకం ఉంది... దొరకట్లేదు!

ముందుగా ఒక చిన్న పని. మీ ఫోన్‌లో పాత తెలుగు పుస్తకాల సైట్ ఏదైనా తెరవండి. ‘కన్యాశుల్కం’ అని వెతకండి. తర్వాత ‘కన్యాశుల్కము’ అని వెతకండి. రెండుసార్లూ ఒకే జాబితా వస్తే ఆ సైట్ చేసినవాళ్లకి ఓ దండం పెట్టుకోండి. రాకపోతే ఈ వారం కబుర్లు మీకోసమే. ఆ మాటకొస్తే నాకోసం కూడా. ఎందుకంటే అలాంటి సైట్ ఒకటి చేసిన ఘనుణ్ని నేనే.

మా ఊళ్లో ఓ పాత లైబ్రరీ ఉంది. అక్కడి పాత పుస్తకాలు, పత్రికలు కలిపి దాదాపు పన్నెండొందలు స్కాన్ చేసి పెట్టారు. వాటికో సైట్ కావాలంటే రెండేళ్ల కిందట నేనూ, నా రూమ్మేటూ నాలుగు వీకెండ్లు కూర్చుని ఫ్రీగా చేసిచ్చాం. శాలువా కప్పారు. ఆ ఫొటో స్టేటస్ పెట్టుకున్నా. అక్కడితో మర్చిపోయా.

మొన్న పండక్కి ఊరెళ్తే లైబ్రేరియన్ గారు ఫోన్ చేశారు. “బాబూ, కమిటీ మీటింగ్‌లో నీ సైట్ మాట వచ్చింది. నెలకి వందమంది కూడా చూడట్లేదట. హోస్టింగ్‌కి డబ్బులు కట్టడం దండగ, స్కానింగ్ కూడా ఆపేద్దాం అంటున్నారు. నువ్వొకసారి వచ్చి మాట్లాడు” అన్నారు.

స్కాన్ కావాల్సిన పత్రికలు ఇంకా రెండు బీరువాల నిండా ఉన్నాయి. కమిటీ తీర్మానం చేసేదాకా చెదపురుగులు ఆగవు కదా.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏంటో దాచకుండా చెప్తా. ‘జనం చదవడం మానేశారు, రీల్స్ చూసుకుంటున్నారు, నా సైట్ ఏం చేస్తుంది’ అనుకున్నా. ఆ మాటే పైకి అంటే ఆయన ఒప్పుకోలేదు. “అట్లా అనకు. వారానికి పదిమంది వచ్చి పాత పుస్తకం ఏదో ఒకటి అడుగుతారు. సైట్‌లో ఉంది చూసుకోండి అంటాను. రెండ్రోజుల తర్వాత వచ్చి, లేదండీ అంటారు. నా కళ్లముందు స్కాన్ చేసిన పుస్తకం, లేకపోవడమేంటి?”

అప్పుడు వెలిగింది. పుస్తకం సైట్‌లో ఉంది. కానీ దొరకట్లేదు. కౌంటర్లో ఆ వందమంది మాత్రమే కనిపిస్తున్నారు. వచ్చి, వెతికి, దొరక్క వెళ్లిపోయినవాళ్ల బాధ ఏ కౌంటర్లోనూ కనిపించదు.

ఐదుగురు చాలంటే నమ్మరు

ఆఫీసులో అయితే ఇలాంటప్పుడు యూజబిలిటీ టెస్టింగ్ అంటారు. అసలు వాడేవాళ్లని పిలిచి, ఒక పని చెప్పి, ఎక్కడ తడబడుతున్నారో చూడటం. పెద్ద కంపెనీల్లో దానికి వేరే గది, కెమెరాలు, ఒక టీమ్, దానికో బడ్జెట్. మా లైబ్రరీ బడ్జెట్ ఎంతంటే, ఫ్యాన్ రిపేర్‌కే మూడు నెలలు పట్టింది.

అయితే ఈ పనికి డబ్బు అవసరం లేదని 1989లోనే ఒకాయన గట్టిగా వాదించాడు. జేకబ్ నీల్సన్. డెన్మార్క్‌లో పుట్టినాయన. తక్కువ ఖర్చుతో చేసే ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు ‘డిస్కౌంట్ యూజబిలిటీ’. 2000లో ఆయన రాసిన ఒక చిన్న వ్యాసం ఈ రంగంలో చాలా ఫేమస్. ఐదుగురితో పరీక్షిస్తే చాలన్నది దాని సారాంశం.

ఐదుగురేంటి అని నేనూ నవ్వా, బీటెక్ చదివేటప్పుడు. లెక్క చూస్తే అర్థమవుతుంది. నీల్సన్, టామ్ లాండావర్ కలిసి చాలా ప్రాజెక్టులు చూసి తేల్చింది ఏంటంటే, ఒక మనిషితో పరీక్షిస్తే సగటున 31 శాతం సమస్యలు బయటపడతాయి. అంటే 69 శాతం దాక్కునే ఉంటాయి. రెండోవాళ్లు వస్తే ఆ మిగిలినదాంట్లో మళ్లీ 31 శాతం. ఇలా 0.69ని ఐదుసార్లు గుణించి చూడండి, 0.16 దగ్గర తేలుతుంది. అంటే ఐదో మనిషి లేచేసరికి సుమారు 85 శాతం సమస్యలు మన నోట్‌బుక్‌లో ఉంటాయి. ఆరో మనిషి నుంచి విన్నదే ఎక్కువగా వింటాం. అందుకే పదిహేను మందిని ఒకేసారి పిలిచే బదులు ఐదుగురితో చూసి, బాగుచేసి, మళ్లీ ఐదుగురితో చూడమంటాడాయన.

ఇది సగటు లెక్క మాత్రమే. మీ సైట్ ఇంకా గజిబిజిగా ఉంటే తేడా వస్తుంది. ఇంకో షరతు, ఆ ఐదుగురూ ఒకే రకంగా వాడేవాళ్లయి ఉండాలి. స్టూడెంట్లు వేరు, పరిశోధకులు వేరు అనుకుంటే ఒక్కో గుంపు నుంచీ ముగ్గురు నలుగురిని చూడాలి. నాకు అంత టైమ్ లేదు. సోమవారం పొద్దున ఆఫీసులో ఉండాలి. దొరికిన ఐదుగురితో మొదలుపెట్టా.

ఆదివారం, రీడింగ్ రూమ్, ఒక ఫోన్

సామగ్రి చెప్తా, రాసుకోండి. ఒక ఫోన్. అందులో స్క్రీన్ రికార్డర్, ఆండ్రాయిడ్ 11 నుంచి అది ఫోన్‌లోనే వస్తోంది. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను. టీ, సమోసా, వచ్చినవాళ్లకి తలా ఒక మంచి నోట్‌బుక్. మొత్తం 410 రూపాయలు, అదీ సమోసాలు నేను కూడా తిన్నాను కాబట్టి.

కష్టమంతా ప్రశ్నలు రాయడంలో ఉంది. మొదట నేను ‘డిజిటల్ కలెక్షన్స్‌లోకి వెళ్లి పత్రికలు ఓపెన్ చేయండి’ అని రాసుకున్నా. అది పరీక్షలో జవాబు బోర్డు మీద రాసి ప్రశ్న అడిగినట్టు. స్క్రీన్ మీదున్న మాట నా నోటివెంట రాకూడదు. కాబట్టి మార్చి ఇలా రాశా.

ఒకటి: మీ లెక్చరర్ గురజాడ నాటకం పాత ముద్రణ చూసి రమ్మన్నారు. ఇందులో ఉందేమో చూడండి.

రెండు: స్వాతంత్ర్యం రాకముందు ఆడవాళ్ల కోసం వచ్చిన పత్రిక ఒకటి తెరవండి.

మూడు: అందులో నచ్చిన పేజీ మీ ఫ్రెండ్‌కి పంపండి.

మొదటి ప్రశ్న ఊరికే పెట్టింది కాదు. ‘కన్యాశుల్కం’ మొదటిసారి అచ్చయింది 1897లో. 1909లో వచ్చింది గురజాడ బాగా పెంచి, మార్చి రాసినది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలంటే పాత ముద్రణలే కావాలి. ఇలాంటి పనికే కదా డిజిటల్ లైబ్రరీ ఉన్నది.

వచ్చినవాళ్లందరికీ ముందే చెప్పా: “పరీక్ష మీకు కాదు, సైట్‌కి. తప్పు జరిగితే తప్పు నాది. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ ఉండండి. స్క్రీన్ రికార్డ్ చేసుకోవచ్చా?” మనిషికి ఇరవై నిమిషాలు. ఇక అసలు రూల్ నాకు: నోరు మూసుకుని కూర్చోవాలి. చూపించకూడదు, సాయం చెయ్యకూడదు. జీవితంలో ఇంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

‘కలెక్షన్స్ అంటే వసూళ్లు కదన్నా?’

మొదట డిగ్రీ సెకండియర్ అమ్మాయి. తెలుగు కీబోర్డ్ జోలికే పోలేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో టకటకా కన్యాశుల్కం కొట్టింది. ‘శు’ దగ్గర ఎస్ పక్కన హెచ్ పెట్టింది. మా డేటాలో హెచ్ లేదు. ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది. “ఇందులో లేదన్నా” అని ఫోన్ కింద పెట్టేసింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. పుస్తకం అందులోనే ఉంది, రెండు ముద్రణలూ ఉన్నాయి.

రెండో మనిషి గ్రూప్-2కి చదువుకుంటున్న అన్న. రోజూ అదే రీడింగ్ రూమ్‌లో కూర్చుంటాడు. హోం పేజీలో ‘కలెక్షన్స్’ అనే బటన్ దాకా వేలు వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఏమనుకుంటున్నారని అడిగా. “కలెక్షన్స్ అంటే వసూళ్లు కదన్నా? మొదటి వారం కలెక్షన్స్ అంటారు చూడు. నొక్కితే డబ్బులడుగుతుందేమోనని...”

నేను నవ్వలేదు. నవ్వే హక్కు నాకు లేదు. ఆ మాట పెట్టింది నేనే.

మూడో మనిషి పీహెచ్‌డీ చేస్తున్న మేడమ్. ఆవిడ సంవత్సరాల ఫిల్టర్ వాడి చకచకా పుస్తకం పట్టేశారు. హమ్మయ్య అనుకునేలోపు ఫైల్ 180 ఎంబీ అని చూపించింది. “రాత్రి హాస్టల్ వైఫైలో చూస్తాలే” అని వెనక్కి నొక్కారు. అప్పటిదాకా వెతికిన జాబితా మొత్తం పోయి హోం పేజీ వచ్చింది. మళ్లీ మొదటి నుంచి. ఆవిడ ఏమీ అనలేదు. నిట్టూర్చారంతే. అది రికార్డింగ్‌లో స్పష్టంగా వినబడుతోంది.

నాలుగో మనిషి లైబ్రరీ ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే అక్క. పేజీ పంపమంటే షేర్ బటన్ కోసం చూసింది, కనబడలేదు. టక్కున స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపేసింది. “పని అయింది కదా తమ్ముడూ!” అయింది. కానీ ఆ బొమ్మ మీద పుస్తకం పేరు లేదు, పేజీ నంబరు లేదు, లైబ్రరీ పేరు అసలే లేదు. ఆ పేజీ అందుకున్నవాళ్లు మా దగ్గరికి తిరిగొచ్చే దారి లేదు.

ఐదో మనిషి రిటైర్డ్ తెలుగు మాస్టారు. డెబ్బై ఆరేళ్లు. నా ప్రశ్నలు పక్కన పెట్టమన్నారు. “నేను వెతికేది ఒకటుంది, అది వెతకనా?” సరేనన్నా. వాళ్లమ్మగారు పెళ్లికాకముందు ‘గృహలక్ష్మి’కి ఒక కథ రాశారట. డాక్టర్ కేసరి 1928లో మద్రాసు నుంచి మొదలుపెట్టిన పత్రిక అది. అచ్చయిందని అమ్మ చెప్పడమే తప్ప ఆయన ఎప్పుడూ చూడలేదు. అమ్మగారి పేరు ఓపిగ్గా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. ఫలితాలు లేవు. ఇంటిపేరు ముందు పెట్టి కొట్టారు. లేవు. పొల్లు తీసి కొట్టారు. లేవు.

“నాకే రాదు బాబూ ఈ ఫోన్లు. మా మనవడైతే తెచ్చేసేవాడు” అన్నారు.

ఆ ఒక్క మాటకి నాకు నిద్ర పట్టలేదు. చూడండి, ఐదుగురిలో ఒక్కరు కూడా ‘నీ సైట్ బాలేదు’ అనలేదు. ఒకళ్లు పుస్తకం లేదనుకున్నారు. ఒకళ్లు డబ్బులడుగుతుందనుకున్నారు. ఈయన తనకే చేతకాదనుకున్నారు. తప్పు చేసినవాణ్ని ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా.

పరీక్ష అయ్యాక సాయం చెయ్యొచ్చు కదా, ఫోన్ నేను తీసుకున్నా. నాకూ దొరకలేదు! అప్పుడు తెలిసింది. సంచికలు స్కాన్ చేశాం కానీ, ఏ సంచికలో ఎవరు ఏం రాశారో విషయసూచిక ఎక్కించలేదు. కంప్యూటర్ దృష్టిలో అది ‘గృహలక్ష్మి, ఫలానా నెల, ఫలానా సంవత్సరం’ అంతే. అందులో రాసినవాళ్లెవరూ లేనట్టే.

మనవాళ్ల పాత జబ్బే

ఇది మా ఒక్క లైబ్రరీ సంగతి కాదు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చెయ్యాలన్న కలతో మొదలైన మిలియన్ బుక్ ప్రాజెక్ట్ వెనక ఉన్నది మన రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. దాని భాగంగానే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ఒక పెద్ద కేంద్రం. ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మనం చదువుకునే పాత తెలుగు పుస్తకాల్లో చాలావరకు ఆ పుణ్యమే. కానీ పేర్లు చాలా వాటికి ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కాయి, ఒక్కోటి ఒక్కో స్పెల్లింగ్‌తో. దీర్ఘానికి రెండు ‘ఏ’లా, ఒకటా అని తెలిస్తేనే పుస్తకం చేతికొస్తుంది. స్కాన్ చెయ్యడమే మహా యజ్ఞం, ఆ రోజుల్లో అంతవరకు చేసినందుకే దండం పెట్టాలి. వెతికేవాళ్లు ఎలా వెతుకుతారో కూర్చుని చూడటం మాత్రం మన తరం పని.

‘కలెక్షన్స్’ లాంటి మాటల గొడవ కూడా కొత్తది కాదు. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ లైబ్రేరియన్ జాన్ కూపర్‌స్మిత్ అక్కడి లైబ్రరీలు చేసిన ఇలాంటి పరీక్షల ఫలితాలన్నీ ఒకచోట పోగేశాడు. డేటాబేస్, పీరియాడికల్, రిసోర్స్ లాంటి మాటలు అక్కడి విద్యార్థులకే అర్థం కాలేదట. ‘పుస్తకాలు వెతకండి’ అన్నట్టు మామూలు మాటల్లో రాస్తే అర్థమైంది. వాళ్ల ఇంగ్లిష్ వాళ్లకే అర్థం కానప్పుడు మన గ్రూప్-2 అన్నని ఏమనగలం?

బాగుచేసింది ఇదీ

అన్నీ ఒకేసారి బాగుచెయ్యబోతే ఏదీ కాదు. స్టీవ్ క్రగ్ అనే ఇంకో పెద్దమనిషి సలహా ఏంటంటే, నెలకి ఒక పూట ముగ్గురితో చూడు, అందులో పెద్ద సమస్యలు మాత్రం తీసుకుని వచ్చే నెలలోపు సరిచెయ్యి. నేను నాలుగు తీసుకున్నా.

మొదటిది సెర్చ్. ప్రతి పుస్తకం పేరుకీ లోపల ఇంకో ‘సాదా పేరు’ తయారుచేశా. చివర ‘ము’ ఉంటే సున్నా చేస్తుంది, అరసున్న తీసేస్తుంది, బండి ఱని మామూలు ర చేస్తుంది, మాటల మధ్య ఖాళీలు కలిపేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే జంట అచ్చులు, అదనపు హెచ్‌లు వదిలేస్తుంది. మనం కొట్టినదాన్నీ అలాగే సాదా చేసి పోలుస్తుంది. పైకి మాత్రం అసలు పేరే చూపిస్తుంది. ఇందుకు పట్టింది రెండు రాత్రులు. ఒకటే రాత్రి అనుకున్నా, ‘ము’తో ముగిసే మాటలన్నీ సున్నాతో రావని మర్చిపోయా.

రెండోది, ‘కలెక్షన్స్’ తీసేసి ‘పాత పుస్తకాలు – ఫ్రీ’, ‘పాత పత్రికలు – ఫ్రీ’ అని పెట్టా. మూడోది, పీడీఎఫ్ మొత్తం దించక్కర్లేకుండా ఒక్కో పేజీ తెరుచుకునేలా చేసి, వెనక్కి వస్తే జాబితా అలాగే ఉండేలా చూశా. నాలుగోది, ప్రతి పేజీకి షేర్ బటన్, దాంతోపాటు పుస్తకం పేరు, పేజీ నంబరు.

మూడు వారాల తర్వాత ఇంకో ముగ్గురితో కూర్చున్నా. ముగ్గురికీ కన్యాశుల్కం దొరికింది. కొత్త సమస్య కూడా దొరికింది: 1897ది ఏదో, 1909ది ఏదో జాబితాలో తేడా తెలియట్లేదు. దానికి నేను బాధపడలేదు. ఇంతకుముందు అక్కడిదాకా ఎవరూ రాలేదు కదా.

కమిటీ ముందు రికార్డింగ్‌లలో రెండు నిమిషాలు చూపించా. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. మాస్టారు పేరు కొడుతూ కొడుతూ ఆగిపోయిన చోట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సెక్రటరీ గారు, “అంటే ఐదుగురిలో నలుగురికి దొరకలేదు, ఎనభై శాతం ఫెయిలన్నమాట” అన్నారు. కాదండీ అన్నా. ఐదుగురిని చూస్తే ఎక్కడ చిల్లు ఉందో తెలుస్తుంది, ఊరంతటికీ లెక్క కట్టడానికి ఐదుగురు చాలరు. నాకు లాభించే అంకెనైనా సరే, తప్పుగా వాడకూడదు కదా. స్కానింగ్‌కి ఆరు నెలల గడువిచ్చారు. ఆ తర్వాత మళ్లీ చూస్తామన్నారు. న్యాయమే.

లైబ్రరీలకి ఐదు సూత్రాలు రాసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే చదివేవాళ్ల సమయం కాపాడాలన్నదాన్ని అందులో ఒకటిగా పెట్టారు. అప్పుడది బీరువాల వరస గురించి. ఇప్పుడు సెర్చ్ బాక్స్ గురించి.

మీ కాలేజీ లైబ్రరీకీ ఒక సైట్ ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ముగ్గురు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టండి. ఒక పని చెప్పండి, నోరు మూసుకోండి, రాసుకోండి. ఆ కాగితం లైబ్రేరియన్ గారికి మర్యాదగా ఇవ్వండి. కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు, ఈ పనికి అక్కర్లేదు.

విషయసూచికలు మాత్రం కోడ్‌తో అయ్యే పని కాదు. ఎవరో ఒకరు కూర్చుని టైప్ చెయ్యాలి. డిగ్రీ పిల్లలు నలుగురు మొదలుపెట్టారు. వాళ్లతోపాటు ఆదివారం పూట మాస్టారు కూడా వస్తున్నారు. అక్షరాలు వెతుక్కుంటూ కొట్టినా, ఆయన కొట్టినదాంట్లో తప్పులుండవు. ఇప్పటికి పంతొమ్మిది సంచికలు అయ్యాయి. వాళ్లమ్మగారి పేరు ఇంకా రాలేదు.

“నాది రాకపోతే ఏం బాబూ, ఇందులో ఇంకా ఎంతమంది అమ్మలున్నారో చూశావా” అన్నారు మొన్న. చూశా. పంతొమ్మిది సంచికల్లో రాసిన ఆడవాళ్ల పేర్లన్నీ ఇప్పుడు సెర్చ్‌లో దొరుకుతున్నాయి. వాళ్ల మనవలెవరైనా వెతుకుతుంటే, ఎలా కొట్టినా సరే.